కొండ మీది ఆముదపు దీపం

ఇది ఎవరికైనా చెప్పాలని ఏళ్ళ తరబడి అనుకుంటున్నాను. చెప్పలేదు. మోయడం అలవాటైపోయింది. కావడి మోసేవాడికి ఒక భుజం వంగిపోయి, అదే తన నడక అనిపిస్తుంది చూడండి, అలాగ.

మీరెవరో నాకు తెలియదు. అదే నాకు ధైర్యం. తెలిసినవాళ్ళయితే ఈపాటికి మాట మార్చేసి వాన సంగతో, పత్తికి పట్టిన పురుగు సంగతో ఎత్తుకునేవాణ్ణి. నా పేరు అడగకండి. రిటైరైన తెలుగు మాస్టర్ని. కథోలికుణ్ణి. నెలకోసారి తప్పకుండా పాపసంకీర్తనానికి, అంటే ఫాదర్ గారి దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి, వెళ్తాను. జాలీ వెనక మోకాళ్ళ మీద కూర్చుని కోపం, అసూయ, పూజలో పరధ్యానం, అన్నీ చెప్పుకుంటాను. పెరట్లోకి వచ్చిన పక్కింటి కోడిని రాయితో కొట్టిన సంగతి కూడా ఒకసారి చెప్పాను. ఇదొక్కటి తప్ప. నాలుక చివరిదాకా వస్తుంది. "ఇంకేమైనా ఉందా" అంటారు ఫాదర్ గారు. "లేదు ఫాదర్" అంటాను. అలా లేదనడం ఇంకో పాపమని పిల్లలకు ఉపదేశం చెప్పిన నాకు తెలియదా? తెలుసు. తెలిసే అంటాను. క్షమాపణ దొరకదని కాదు నా భయం. సరే, వెళ్ళి వాళ్ళకు చెప్పు అంటారని.

శనివారం సాయంత్రం వచ్చిందంటే నాకు కాలు ఒకచోట నిలవదు. డాబా ఎక్కుతాను, దిగుతాను. మంచినీళ్ళు తాగుతాను, దాహం ఉండదు. మా ఇంటి డాబా మీంచి కొండ కనబడుతుంది. పొద్దు వాలగానే కొండ మీద లైటు వెలుగుతుంది. దాన్ని చూడకూడదనుకుంటాను. చూస్తాను.

కొండ గురించి మీకు చెప్పాలి. సత్తెనపల్లి బస్సు దిగి పత్తిచేల మధ్య నడిస్తే ఎదురుగా ఒంటరిగా కనిపించే రాతి గుట్ట అది. పెద్దదేం కాదు. పైన గుడి, గుడి వెనక బండ, బండ కింద గుహ, గుహలో బిడ్డనెత్తుకున్న మరియమాత స్వరూపం. మిరపకాయ ఎర్రబడే రోజుల్లో పండుగ. పొదిలి వైపు నుంచి కూడా కాలినడకన వస్తారు. తలనీలాలిస్తారు, కొబ్బరికాయలు కొడతారు, ఉయ్యాలలు కడతారు. కథోలికులే కాదు, హిందువులూ వస్తారు. విగ్రహాలేమిటని మమ్మల్ని ఎగతాళి చేసే మా ప్రొటెస్టెంట్ చుట్టాలు కూడా, పిల్లకు జ్వరం తగ్గకపోతే ఎవరూ చూడకుండా వచ్చి ఓ కొవ్వొత్తి పెట్టి పోతారు.

వచ్చినవాళ్ళందరికీ మైకులో స్థల చరిత్ర వినిపిస్తారు. పూర్వం ఈ మెట్టలో కలరా వచ్చి జనం అల్లాడుతున్నప్పుడు, ఒక శనివారం సాయంత్రం, మనిషి అడుగు పెట్టని ఈ కొండ మీద ఒక దీపం తనంతట తానే వెలిగింది. ఎడ్లబండిలో పోతున్న దొర ఫాదర్ గారు ఆ వెలుగు చూసి కొండెక్కారు. అక్కడ నూనె లేదు, వత్తి లేదు, వెలుగు మాత్రం ఉంది. ఆయన మోకరించి, ఇది దేవమాత కోరుకున్న చోటని గ్రహించి స్వరూపాన్ని ప్రతిష్ఠించారు. అందుకే ఆమె జ్యోతిమాత. ఇదీ కథ. జనం కళ్ళు తుడుచుకుంటారు.

ఆ కథ నేను రాసింది. నేనే కల్పించింది.

కల్పించానంటే పూర్తిగా గాల్లోంచి తేలేదు. అదే అయితే ఇంత బాధ ఉండేది కాదేమో. కొండ మీద దీపం నిజం. దొర ఫాదర్ ఎడ్లబండి నిజం. కలరా నిజం. నేను చేసిందల్లా ఒక్క మనిషిని తీసేయడం. ఆ మనిషిని తీసేస్తే దీపం తనంతట తాను వెలగక ఏం చేస్తుంది?

ఆమె పేరు కోటమ్మ.

నాకు ఆ కథ చెప్పింది దీనమ్మ పెద్దమ్మ. మా అమ్మకు అక్క వరస. కోటమ్మ ఆమెకు సొంత నాయనమ్మ. ఊరికి దిగువన ఉన్న పల్లె మాది. అమ్మ మిరప కల్లంలో తాలుకాయలు ఏరడానికి పోతే నేనూ వెంట పోయేవాణ్ణి. ఎర్రటి కాయల మధ్య ఆడవాళ్ళు వరసగా కూర్చుని, పాలిపోయిన కాయలు పక్కకు వేస్తూ కబుర్లు చెప్పుకునేవాళ్ళు. కొండకెదురుగా కూర్చున్న రోజు దీనమ్మ పెద్దమ్మ ఆ కథ ఎత్తుకునేది. ప్రతిసారీ అవే మాటలు. ఒక్క మాట అటూ ఇటూ అయ్యేది కాదు.

కోటమ్మ కూలికి పోయే మనిషి. అప్పటికి బాప్తిస్మం కూడా లేదు. ఆమె చిన్నకొడుకు, ఇంకా మాటలు సరిగా రాని వాడు, కలరాలో పోయాడు. కలరా శవాన్ని ఊరివాళ్ళు పొలిమేరలో పూడ్చనివ్వలేదు. పల్లెవాళ్ళూ భయపడి పల్లె శ్మశానపు దిబ్బలో వద్దన్నారు. ఆమె బిడ్డను చీరకొంగులో చుట్టుకుని, ఎవరికీ అక్కర్లేని ఆ గుట్ట ఎక్కి, బండ కింద చేతులతో మన్ను తీసి పూడ్చుకుంది. రోజూ పొద్దు వాలేవేళకు పోయి అక్కడ ఆముదం దీపం పెట్టి వచ్చేది. ఆ వెలుగు చూసి దొర ఫాదర్ ఎక్కాడు. ఎందుకమ్మా ఇక్కడ దీపం అని అడిగాడు. నా బిడ్డకి చీకటంటే భయం అయ్యా అంది కోటమ్మ. ఆయనకు తెలుగు అంతంత మాత్రం. అయినా ఆ మాట అర్థమైంది. తర్వాత కొన్నాళ్ళకు బండిలో గడ్డి పరిచి, అందులో పెట్టి ఆ స్వరూపాన్ని తెచ్చాడు. బిడ్డకు తోడుంటుందిలే అన్నాడట. అందుకే మా పల్లెవాళ్ళు జ్యోతిమాత అనేవాళ్ళు కాదు. తోడుతల్లి అనేవాళ్ళు.

ఇంకో సంగతి. కోటమ్మకు ఆముదం ఎక్కడిది? మిరపకాయ ముట్టుకున్న చేతులు భగ్గున మండుతాయి. ఆ మంట నీళ్ళకు పోదు. నూనె రాసుకోవాలి. కూలికి వచ్చిన ఆడవాళ్ళు చిన్న చిన్న బుడ్లలో ఆముదం తెచ్చుకునేవాళ్ళు. చేతులకు రాసుకునే ఆ నూనెలోంచి తలో చుక్కా కోటమ్మ ప్రమిదలో వేసేవాళ్ళు. ఆ తర్వాత అది ఆనవాయితీ అయిపోయింది. పండుగ ముందురోజు సాయంత్రం పల్లె ఆడవాళ్ళు చేతినూనె చుక్క చుక్కా పోగు చేసి, కోటమ్మ ఇంటి ఆడమనిషికి ఇస్తే, ఆమె కొండెక్కి బండ కింద మొదటి దీపం పెట్టేది. ఆ దీపం వెలిగాకే తేరు కదిలేది. నా చిన్నప్పుడు ఆ మనిషి దీనమ్మ పెద్దమ్మే. నేను కళ్ళారా చూశాను. చూసి కూడా రాశాను.

ఎలా రాశానో చెబుతాను. నా తప్పును వేరేవాళ్ళ మీదికి నెట్టకుండా చెప్పడానికి ప్రయత్నిస్తాను. మనసు ఊరుకోదు, సందు దొరికితే చాలు నెట్టేస్తుంది.

నేను మిషన్ బడిలో కొత్తగా చేరిన రోజులు. పల్లెలోంచి వచ్చి ఊళ్ళో పెద్దవీధిలో అద్దెకు ఇల్లు తీసుకున్నాను. తెల్లచొక్కా ఇస్త్రీ చేయించి వేసుకునేవాణ్ణి. పెద్దవీధి వాళ్ళు మాస్టారూ అని పిలిస్తే లోపల ఏదో పూసేది. కొండగుడి జూబిలీకి స్థల చరిత్ర అచ్చు వేయాలనుకున్నారు. తెలుగు బాగా రాస్తానని నన్ను రాయమన్నారు. రాశాను. మొదటిసారి రాసినప్పుడు కోటమ్మను రాశాను. అది నిజం. నా తరఫున చెప్పుకోవడానికి ఆ ఒక్కటే ఉంది.

అది చదివి అప్పటి ఫాదర్ గారు బాగుందన్నారు. పండుగ పుస్తకంలో శవం సంగతి ఉంటే బాగుంటుందా అని మాత్రం ఒక అనుమానం వెలిబుచ్చారు. అంతే. తీసెయ్యమనలేదు. కొండకు మెట్లు కట్టించిన కుటుంబం పెద్దాయన పక్కనే కూర్చున్నారు. మంచి మనిషే. ఆయన చదివి, నవ్వుతూ, పల్లె సంగతి కాస్త ఎక్కువైనట్టుంది మాస్టారూ అన్నారు. ఆయనా తీసెయ్యమనలేదు.

ఎవరూ తీసెయ్యమనలేదు. ఈ వాక్యం నాలో నేను ఎన్నిసార్లు అనుకున్నానో. ఎవరైనా గద్దించి ఉంటే ఎంత బాగుండేది. ఉద్యోగం పోతుందని బెదిరించి ఉంటే ఈ రోజు మీకు బాధితుడిలా చెప్పుకునేవాణ్ణి. వాళ్ళు ఒక చిన్న నవ్వు నవ్వారు. నాకు మొహం వేడెక్కింది. ఎందుకు వేడెక్కింది? వాళ్ళ మీద కోపం కాదు. సిగ్గు. నా పల్లె గురించి, కూలి ఆడదాని గురించి, పూడ్చనివ్వని శవం గురించి నేను రాయడం వల్ల, పెద్దవీధిలో నేను కూర్చున్న కుర్చీ కింద నుంచి మా పల్లె మట్టి కనబడినట్టయింది. ఇంటికొచ్చి, కోటమ్మ ఉన్న రెండు పేజీలూ తీసేశాను. ఆ ఖాళీలో ఏదో ఒకటి పెట్టాలి. దీపం తనంతట తానే వెలిగిందని రాశాను.

రాసి, చదువుకున్నాను. నిజం చెప్పొద్దూ, వాక్యం ఎంత బాగా కుదిరిందో అని మురిసిపోయాను. తెలుగు మాస్టర్ని కదా.

పుస్తకం వచ్చింది. ఫాదర్ గారు భుజం తట్టారు. నా ఉద్యోగం పర్మనెంటయింది. రెండింటికీ సంబంధం ఉందో లేదో నాకిప్పటికీ తెలియదు. లేదనుకోవడానికి చాలా కష్టపడ్డాను.

ఆ తర్వాత నాలుగు రోజులకు కాబోలు, దీనమ్మ పెద్దమ్మ వచ్చింది. కల్లం దిగి నేరుగా వచ్చినట్టుంది, కొంగుకు మిరప గింజలు అంటుకుని ఉన్నాయి. గుమ్మం బయటే నిలబడింది. లోపలికి రమ్మన్నాను. ఒకసారే అన్నాను. పెద్దవీధి కదా.

"కొండ పొత్తం అచ్చేశారంటగా. మా నాయనమ్మ పేరు రాశావంటరా?"

"రాశాను పెద్దమ్మా."

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. ఆలోచించలేదు. ఆమెకు చదువు రాదు. అది నాకు తెలుసు. నోరు ఆ సంగతి నాకంటే ముందు చూసుకుంది.

"చదువు. ఇనపడేట్టు చదువు."

పుస్తకం తెచ్చి తెరిచాను. తెరిచిన చోట మెట్ల దాతల ఫోటో ఉంది. ఆమె వంగి చూసి, "ఈ బొమ్మెవరిది?" అంది.

"మెట్లు కట్టించినోళ్ళది."

"నాయనమ్మకి బొమ్మ లేదుగా. పేరుంటే చాల్లే. చదువు."

చదివాను. పేజీలో లేనిది పేజీ మీద వేలు నడిపిస్తూ చదివాను. ఆ దీపాన్ని కోటమ్మ అనే తల్లి వెలిగించింది, ఆమె బిడ్డకు చీకటంటే భయం అని చదివాను. పూజలో పఠనం చదివినంత నిబ్బరంగా చదివాను.

"మళ్ళీ చదువు" అంది.

మళ్ళీ చదివాను. ఈసారి మాటలు సరిగా అవే రాలేదు. కోటమ్మ అనే తల్లి బదులు కోటమ్మ అనే కూలి మనిషి అన్నట్టున్నాను. ఆమె తలెత్తి నన్ను చూసింది.

"ఇందాక యేరేగా చదివినట్టున్నావే."

"అదే పెద్దమ్మా. తొందరలో అటూ ఇటూ అయింది."

వీధిలో ఎవరో గేదెను అదిలిస్తున్నారు, ఆ అరుపు గుర్తుంది. తర్వాత పుస్తకం చేతిలోకి తీసుకుని, కళ్ళకద్దుకుని, రెండు చేతులతో నా మొహం తడిమింది. చిన్నప్పుడు కల్లంలో తడిమినట్టే. ఆమె చేతులు మిరపకాయ చేతులు. నూనె రాసుకున్నట్టు లేదు. నా కళ్ళు భగ్గుమన్నాయి. ధారలుగా నీళ్ళు కారాయి.

"ఏడవబాకరా" అంది. "పేరు రాశావుగా. ఏడవబాక."

పుస్తకం కొంగులో చుట్టుకుని వెళ్ళిపోయింది. నేను పెరట్లో తొట్టి దగ్గర కూర్చుని మొహం కడుక్కుంటూనే ఉన్నాను. ఆ మంట నీళ్ళకు పోదని తెలిసీ కడుక్కుంటున్నాను.

అక్కడితో అయిపోయి ఉంటే ఒక అబద్ధం అనుకుని ఊరుకునేవాణ్ణేమో. అచ్చయిన మాట ఊరుకోదు. జూబిలీ తర్వాత వచ్చిన పండుగకు కమిటీవాళ్ళకు ఒక సందేహం వచ్చింది. దీపం తనంతట తాను వెలిగిందని చరిత్రలో ఉన్నప్పుడు, పల్లె ఆడమనిషి వచ్చి దాన్ని వెలిగించడమేమిటి? చూసేవాళ్ళకు ఎలా ఉంటుంది? గుహలో కరెంటు దీపం పెట్టారు. స్విచ్చి గుడి వెనక గదిలో. పండుగకూ, ప్రతి శనివారమూ పొద్దు వాలగానే ఎవరూ ముట్టుకోకుండా వెలుగుతుంది. జనం జ్యోతిమాతకు జై అంటారు. తేరు కదులుతుంది.

ఆ సాయంత్రం మైకు దగ్గర నేనే ఉన్నాను. వ్యాఖ్యానం నాది. మెట్ల మీద దీనమ్మ పెద్దమ్మ రావడం చూశాను. చేతిలో నూనె బుడ్డి, కొంగు కప్పి పట్టుకుంది. వెనక పల్లె ఆడవాళ్ళు కొందరు. గుహ దగ్గర వాలంటీర్లు ఆపారు. ఏదో చెప్పారు. ఆమె బుడ్డి చూపించింది. వాళ్ళు తలూపారు, కాదన్నట్టు. ఆమె తిరిగి మైకు వైపు చూసింది. నా వైపు. నేను ఒక్క మాట అంటే చాలు. ఆమెను రానివ్వండి అంటే చాలు. మైకు నా చేతిలోనే ఉంది. జపమాలలో మూడో రహస్యం, మూడో పది పూసల దగ్గరున్నాం. నేను మంగళవార్త జపం గట్టిగా ఎత్తుకున్నాను. దేవవరప్రసాదము చేత నిండిన మరియమ్మా అని, ఎన్నడూ లేనంత గట్టిగా.

ఆమె బుడ్డిని మెట్టు పక్కన పెట్టి దిగిపోయింది. మళ్ళీ పండుగకు కొండెక్కలేదు.

తర్వాత ఏళ్ళు గడిచాయి. పెద్దమ్మ పోయింది. సమాధి దగ్గర నేను మాట్లాడాను కూడా, మంచి మాటలే చెప్పాను. నా కథ మాత్రం పెరుగుతూ పోయింది. నేను రాయనివి కూడా అందులో చేరాయి. ఆ వెలుగు అమరావతి దాకా కనిపించిందని ఒకరు నాకే చెప్పారు. మా మనవరాలు ఉపదేశం తరగతిలో నేర్చుకొచ్చి, తాతయ్యా, వత్తి లేకుండానే వెలిగిందంట తెలుసా అని నాకు చెప్పింది. తెలుసమ్మా అన్నాను. పొదిలి నుంచి వచ్చిన ఒకామె నా చేతులు పట్టుకుని, పెళ్ళయిన ఎన్నో ఏళ్ళకు కడుపు పండిందండి, మీ పుస్తకం చదివే వచ్చానండి, ఆ దీపాన్ని నమ్ముకున్నానండి అని ఏడ్చింది. ఆమె చంకలో పిల్ల ఉంది. ఆ పిల్ల నిజం. ఆమె ప్రార్థన నిజం. మరి నేనేం చేసినట్టు? అబద్ధం మీద పెట్టిన మొక్కు దేవుడు తీసుకుంటాడా? తీసుకుంటే నాకు తప్పు తగ్గినట్టా? ఈ ప్రశ్నలు వేసుకుంటూ అదేదో ఆత్మవిచారం అనుకున్నాను. ఇప్పుడు చూస్తే అది కూడా కోటమ్మ పేరు ఎత్తకుండా తప్పించుకునే దారే. ఆమె దీపం వెలిగించిందని తెలిస్తే పొదిలి ఆమె మొక్కు మానేసేదా? బిడ్డ కోసం ఏడ్చిన తల్లి దీపమని తెలిస్తే ఇంకా గట్టిగా పట్టుకునేదేమో. ఈ సంగతి నాకు తట్టడానికి ముసలితనం రావాల్సి వచ్చింది.

పోయిన ఏడు గుహ చుట్టూ గ్రానైటు పరచాలనుకున్నారు. జనం ఎక్కువయ్యారు, నిలబడే చోటు చాలడం లేదు. బండ కింద మట్టి నేలంతా చదును చేసి రాళ్ళు వేస్తారట. ఆ సంగతి తెలిసి దీనమ్మ పెద్దమ్మ కోడలు సునీత మా ఇంటికి వచ్చింది. పత్తి ఏరి ఏరి చేతులు గీరుకుపోయిన మనిషి. ఆమె గుమ్మంలో ఆగలేదు, లోపలికి వచ్చి కూర్చుంది. అది చూసి నాకు ఎందుకో సంతోషం వేసింది.

"మాస్టారూ, ఆ బండ కింద జానెడు మన్ను వదిలెయ్యమని చెప్పండి. మీరు చెబితే ఇంటారు. మాకు పేరొద్దు, పటమొద్దు. ఆ బిడ్డ మీద రాయి పడకుండా చూడండి" అంది.

అది చరిత్రలో లేదు కదమ్మా అన్నాను. అన్నాక నాకే నా గొంతు అసహ్యంగా వినబడింది.

సునీత కోప్పడలేదు. "చరిత్రలో లేదని నాకు తెలుసండి" అంది. "కాపురానికొచ్చిన కొత్తలో మా అత్త ఆ పొత్తం నాకిచ్చి చదవమంది. నేను ఉన్నదున్నట్టు చదివా. దీపం తనంతట తానే వెలిగింది అని. మా అత్త పొత్తం మీద చెయ్యి పెట్టి ఆపింది. తర్వాత, అట్టా కాదమ్మా, మాస్టారు చదివినట్టు చదువు అని నాకు ఆ మాటలు నేర్పింది. అప్పట్నుంచి ఎప్పుడు చదవమన్నా అట్టాగే చదివేదాన్ని. ఒకసారి అడిగా, అత్తా, ఆయన అబద్ధం చదివాడని తెలిసి ఎందుకు ఊరుకున్నావని."

నేను ఆమె వైపు చూడలేకపోయాను.

"ఏమందీ?" అన్నాను.

"వాడు నోటితో చెప్పింది నిజమే కదే, చేత్తో రాయడానికే భయపడ్డాడు. ఎప్పుడో ఒకప్పుడు రాస్తాడులే, అంది."

ఇంత తెలిశాక ఎవడైనా ఏం చేస్తాడు? మీరైతే ఏం చేసేవారు? లేచి నేరుగా ఫాదర్ గారి దగ్గరికి వెళ్ళేవారు కదా. నేనూ వెళ్ళాను. కమిటీ మీటింగుకు వెళ్ళాను. కుర్చీ వేశారు, మాస్టారు రాసిన చరిత్ర వల్లే ఈ కొండకు ఇంత పేరని కుర్ర ఫాదర్ గారు అందరి ముందూ అన్నారు, చప్పట్లు కొట్టారు. బండ కింద నేల గురించి ఎవరికైనా అభ్యంతరం ఉందా అని అడిగారు. నోరు తెరిచాను. కొత్త రాళ్ళు కాలు జారకుండా గరుకుగా ఉండేవి చూడండి అన్నాను. నేనన్నది అది. అందరూ మంచి సలహా అన్నారు.

మొదటి తప్పు కుర్రతనం అనుకుంటే, దీన్నేమనాలి?

రాళ్ళు వేశారు. నున్నగా, నల్లగా, మొహం కనిపించేంత బాగున్నాయి. గరుకువి దొరకలేదట. సునీత మళ్ళీ మా ఇంటికి రాలేదు. సంతలో ఎదురైతే నమస్కారం పెడుతుంది. తిట్టినా బాగుండును.

ఇప్పుడు ఇంకో జూబిలీ వస్తోంది. పుస్తకం మళ్ళీ అచ్చు వేస్తామని, ఏమైనా చేర్పులుంటే రాసిమ్మని ఫాదర్ గారు పాత ప్రతి ఒకటి పంపారు. అది బల్ల మీద ఉంది. దాని చుట్టూ తిరుగుతున్నాను. కూర్చుంటాను, లేస్తాను. నా భార్య, ఏమిటండీ ఆ తిరుగుడు, కాలు కాలిన పిల్లిలాగా అంటుంది. ఆమెకు కూడా తెలియదు ఇది. పెళ్ళి కాకముందు నుంచీ నాలో ఉన్నది ఆమెకు చెప్పలేక, ఎవరో తెలియని మీకు చెబుతున్నాను.

రాసిస్తే ఏమవుతుందో నాకు తెలియదు. వేస్తారో వేయరో. కొండకు వచ్చే జనం నన్ను రాళ్ళతో కొడతారో, అసలు పట్టించుకోరో. రాళ్ళ కింద ఉన్న బిడ్డకు నేనేమిచ్చినా ఇప్పుడు చాలదు. పెద్దమ్మ క్షమించిందా అంటే, అడిగే అవకాశం నేనే పోగొట్టుకున్నాను. సునీత క్షమించాలని నేను అడగను. అడగడం కూడా ఆమె మీద ఇంకో బరువు వేయడమే.

ఇవాళ శనివారం. కొండ మీద లైటు వెలిగింది. ఈసారి డాబా ఎక్కలేదు. పాత ప్రతి తెరిచాను. దాతల ఫోటో ఎదురు పేజీలో నా వాక్యం ఉంది, బాగా కుదిరిన వాక్యం. దాన్ని కొట్టేశాను. గీత వంకరపోయింది. దాని పైన ఉన్న కాస్త చోటులో, పెద్దమ్మకు మొదటిసారి చదివి వినిపించిన మాటలే, ఒక్క మాట కూడా మార్చకుండా రాశాను. కళ్ళు మండాయి. ఈసారి ఎవరి చేతులూ తగల్లేదు.

ఆ దీపాన్ని కోటమ్మ అనే తల్లి వెలిగించింది. ఆమె బిడ్డకు చీకటంటే భయం.